తెర మీద మా ఊరి బావులు

బూరుగుకుంట ఉన్నత పాఠశాలలో నేను సాంఘికశాస్త్రం చెబుతాను. ఆరేళ్లుగా మా తొమ్మిదో తరగతి పిల్లలు ప్రతి నెలా మొదటి శనివారం ఊరి బావుల్లోకి తాడు వదిలి నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కొలుస్తున్నారు. తాడు కొసన ఒక రాయి, మీటరుకొక ఎర్రదారం. రాయి నీళ్లను తాకేసరికి ఎన్ని దారాలు లోపలికి దిగాయో లెక్కపెట్టి పెద్ద రిజిస్టరులో రాస్తారు. ఈ సంగతి ఎలా తెలిసిందో గానీ మొన్న ఫిబ్రవరిలో హైదరాబాదు నుంచి ఒక విశ్వవిద్యాలయం వాళ్ల ఉత్తరం వచ్చింది. ప్రపంచ నీటి ఎద్దడి మీద, మంచినీటి వనరుల సుస్థిర నిర్వహణ మీద రెండు రోజుల అంతర్జాతీయ సదస్సు అట. రెండో రోజు నాకు పది నిమిషాలు ఇచ్చారు. తోడుగా ఒకరిని తెచ్చుకోవచ్చన్నారు.

లెక్కల మాస్టారిని తీసుకెళ్లమని హెడ్మాస్టరు సలహా ఇచ్చారు. నేను యాదమ్మను తీసుకెళ్లాను. యాదమ్మ మా పంచాయతీ ట్యాంకు వాల్వు తిప్పే మనిషి. భర్త చేసిన పని, ఆయన పోయాక ఈమెకొచ్చింది. ఏ వాడకు ఎంతసేపు నీళ్లు వదలాలో, ఏ ఇంట్లో ఎవరు నల్లాకు మోటారు బిగించి లాగుతారో ఆమెకు తెలిసినంత మా ఊళ్లో ఇంకెవరికీ తెలియదు.

గురువారం తెల్లవారుజామున ఆటోలో జనగామ చేరి, ఆరుగంటల ప్యాసింజరు ఎక్కాం. కూర్చోవడానికి చోటు దొరికింది. ఆలేరు దాటాక యాదమ్మ సద్ది విప్పింది. జొన్నరొట్టె, పల్లికారం. ఎదుటి సీటులో, సికింద్రాబాదులో బట్టల దుకాణంలో పనిచేసే ఒకాయన నా ఒళ్లో రిజిస్టరు చూసి ఏమిటని అడిగాడు. చెప్పాను.

"నీళ్ల మీటింగా? మంచిగనే ఉన్నది," అన్నాడాయన. "నాకు యాదికున్నకాడికి ఈ మీటింగులు ఎండకాలం ముందర పెడ్తరు. వానలు పడంగనే బందు జేస్తరు."

ఎనిమిదీ ఇరవైకి సికింద్రాబాదులో దిగి, ఉప్పల్ వైపు బస్సెక్కాం. ఇద్దరం ఆడవాళ్లమే కాబట్టి ఆధార్ చూపిస్తే కండక్టరు జీరో టికెట్లు కొట్టిచ్చింది. దారిలో ఆమె "ఆలుగడ్డ బావి, ఆలుగడ్డ బావి" అని కేకేసింది. యాదమ్మ కిటికీలోంచి తొంగి చూసింది.

"బావి ఏడున్నది మేడం?"

నాకూ కనిపించలేదు. పక్కన నిలబడ్డ ముసలాయన నవ్వి, "స్టేజీ పేరే గట్ల, బావి నేను గూడ జూడలే," అన్నాడు.

తార్నాకలో మా బస గ్రేస్ ఇంట్లో. గ్రేస్‌ది తెనాలి. బి.ఇడి.లో నేనూ తనూ ఒకే గది. ఇప్పుడొక చర్చి బడి ఆఫీసులో గుమాస్తా. మెయిన్ రోడ్డుకు రెండు సందులు లోపల, ఐదంతస్తుల అపార్టుమెంటులో మూడో అంతస్తు. తలుపు తీయగానే నన్ను వాటేసుకుని, ఆ వెంటనే కాస్త సిగ్గుపడుతూ చెప్పింది. "శోభా, ఒక్క బకెట్టే పట్టి ఉంచానే. ఇద్దరూ మొహాలు కడుక్కోండి, సాయంత్రం ట్యాంకరొస్తుంది, అప్పుడు స్నానాలు చేద్దురుగాని."

ఉప్మా తిని, తొమ్మిదిన్నరకు షేరింగ్ ఆటోలో క్యాంపస్‌కు బయలుదేరాం. గేటు దాటగానే చెట్లు, నిశ్శబ్దం, పెద్ద రాతి భవనాలు. సదస్సు జరిగే హాలు ముందు రిజిస్ట్రేషను బల్ల దగ్గర నాకు ఒక సంచి, పెన్ను, మెడలో వేసుకునే కార్డు ఇచ్చారు. యాదమ్మ కార్డు మీద పేరు లేదు. "తోడు వచ్చినవారు" అని ఇంగ్లీషులో అచ్చువేసి ఉంది. నేను పెన్నుతో దాని కింద ఆమె పేరు తెలుగులో రాశాను.

పొద్దుటి ప్రసంగం నిజంగా బాగుంది. ఢిల్లీ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ చెప్పారు. సముద్రం దాకా చేరలేని నదుల గురించి, వాన నింపగలిగేదాని కంటే వేగంగా మనం నేలలోంచి తోడుకుంటున్న నీళ్ల గురించి, గంటలకొద్దీ బిందెలతో నిలబడే అన్ని ఖండాల ఆడవాళ్ల గురించి. నేను యాదమ్మ చెవిలో తెలుగులో చెబుతూ వచ్చాను. ఆమె శ్రద్ధగా విని, "అంతట గిదే కథనా?" అంది. మధ్యాహ్నం భోజనం క్యాంటీన్ పక్కనే పందిరి కింద. పప్పు, బగారా అన్నం, వంకాయ కూర. అంతవరకు నేను సంతోషంగానే ఉన్నానని చెప్పాలి.

మూడు గంటలకు ఒక కన్సల్టెన్సీ సంస్థ నుంచి వచ్చిన పిహెచ్‌డి డాక్టరు గారు లేచారు. చూడగానే గుర్తుపట్టాను. నవంబరులో తెల్ల కారులో మా బడికి వచ్చిన మనిషే. పిల్లలతో కలిసి తాడు పట్టుకుని ఫొటో దిగి, వాళ్లందరికీ చాక్లెట్లు పంచారు. పరిశోధన కోసమని రిజిస్టరు పేజీలన్నీ ఫోనులో ఫొటోలు తీసుకున్నారు. ఒక్కో పేజీ ఆయన కోసం నేనే తిప్పి పట్టుకున్నాను.

తెర మీద మా మండలం మ్యాపు వచ్చింది. దాని మీద నీలిరంగు చుక్కలు. ఒక్కో చుక్క పక్కన ఒక్కో అంకె. నాలుగో చుక్క లచ్చయ్య బావి. ఆ అంకె మా స్వప్న రాసింది, నాకు ఇప్పటికీ గుర్తు. భారీ వానలు పడ్డ ఏడాది అక్టోబరులో, నాలుగు దారాలకే రాయి నీళ్లను తాకితే ఆ పిల్ల ఎగిరి గంతేసింది. ఐదో చుక్క బడి బావి. అదీ అక్టోబరుదే. అన్నీ అక్టోబరువే. ఆరేళ్ల రిజిస్టరులోంచి ఒకే ఒక్క పేజీ.

తర్వాతి బొమ్మలో ఆయన సారాంశం. ఈ ప్రాంతంలో భూగర్భజలం మిగులు ఉంది. నగరానికి అదనపు వనరుగా అభివృద్ధి చేయవచ్చు. ట్యాంకర్లు నింపే కేంద్రాలకు అనువైన చోట్లు ఇవీ. మ్యాపు మీద ఎర్ర త్రిభుజాలు. వాటిలో ఒకటి మా ఊరి పొలిమేర మీద ఉంది.

అక్కడ ఏముందో మాకు తెలుసు. డిసెంబరులో ఎవరో మూడెకరాలు కొని రేకుల షెడ్డు వేశారు. గోదాం అన్నారు. నాలుగు బోర్లు దింపారు. గోదాముకు నాలుగు బోర్లెందుకని యాదమ్మ అప్పుడే అడిగితే, వడ్లు కడుక్కుంటారేమోలే అని పంచాయతీ అరుగు మీద కూర్చున్నవాళ్లు నవ్వారు.

నేను తెర మీది మాటలు తెలుగులో చెప్పాను. యాదమ్మ ఎర్ర త్రిభుజం వైపే చూస్తూ, "గా బోర్లు గిందుకా," అంది.

చెయ్యి ఎత్తాను. అధ్యక్షస్థానంలో ఉన్న రిటైర్డ్ ప్రొఫెసరు గారు గడియారం చూసుకుని, సమయం మించింది కాబట్టి ప్రశ్నలు టీ దగ్గర అడగవచ్చన్నారు. అందరూ లేచారు.

టీ దగ్గర డాక్టరు గారు నన్ను గుర్తుపట్టారు. "అయ్యో మేడం, మీరా? మీ పిల్లల పని అద్భుతం. చివర్లో స్థానిక పాఠశాలకు కృతజ్ఞతలు అని వేశాను, చూశారా?"

"అక్టోబరు పేజీ ఒక్కటే వేశారేం సార్?"

"వర్షాకాలం తర్వాతి రీడింగులు తీసుకోవడం మామూలు పద్ధతే మేడం."

"ఎండాకాలంవి కూడా ఫొటో తీసుకున్నారు కదా."

"మీరు అంత ప్రేమగా పేజీలు తిప్పి చూపిస్తుంటే కాదనలేకపోయాను," అని ఆయన నవ్వారు. "కంగారుపడకండి. ఇది అకడమిక్ పేపరు మాత్రమే." ఫోను మోగితే తీసుకుని పక్కకు వెళ్లారు. ఆరున్నరకు ఆయనకు ఫ్లైటు ఉందని తర్వాత తెలిసింది.

బయటికి వచ్చి ఒక చెట్టు కింద అరుగు మీద కూర్చున్నాను. ఆయన మీద ఎంత కోపం వచ్చిందో నా మీద నాకూ అంతే వచ్చింది. ఎందుకు సార్ ఈ ఫొటోలు, ఎక్కడ వాడతారు అని నవంబరులో ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. నగరం నుంచి వచ్చినాయన మా పిల్లల్ని మెచ్చుకుంటున్నాడని పొంగిపోయాను.

అయిదున్నరకు తార్నాక చేరేసరికి అపార్టుమెంటు ముందు ట్యాంకరు ఆగి ఉంది. సంపులోకి పైపు దింపి డ్రైవరు టైరు పక్కన బీడీ కాలుస్తున్నాడు. యాదమ్మ తిన్నగా అతని దగ్గరికి వెళ్లింది.

"ఏడికెంచి తెస్తున్నవ్ బిడ్డా నీళ్లు?"

"ఘట్‌కేసర్ అవుతలికెంచి. ఇంతకుముందు ఉప్పల్ కాడ్నే దొరుకుతుండె. ఇప్పుడు గాడ బోర్లు వోస్తలేవు."

"గీడ గూడ వొట్టిపోతే?"

"ఇంకింత ముందట్కి పోతం అమ్మా," అన్నాడతను.

ఘట్‌కేసర్ తర్వాత బీబీనగర్, భువనగిరి, ఆలేరు. ఆ తర్వాత మేము. పొద్దున రైల్లో మేము వచ్చిన దారే.

రాత్రి భోజనాల దగ్గర గ్రేస్‌కు అంతా చెప్పాను. తను వింటూ వింటూ చెయ్యి ఆపేసింది. "నీ కోపం నాకు అర్థమైంది శోభా. కానీ మేమెక్కడికి పోవాలి చెప్పు. మా బోరు ఎండిపోయి రెండేళ్లయింది. ట్యాంకరు రాకపోతే ఇంట్లో గిన్నె కడగలేను."

"ఈ ఇంటికి ఇంకుడు గుంత లేదా?"

గ్రేస్ కంచం వైపు చూస్తూ చెప్పింది. "ఉండేది. పార్కింగుకు చోటు చాల్లేదని పైన టైల్స్ వేయించారు. నేనూ సరేనన్నాను. పోయిన వానాకాలం సెల్లారు నిండితే మోటారు పెట్టి ఆ నీళ్లన్నీ డ్రైనేజీలోకి తోడించాం."

యాదమ్మ అందుకుంది.

"నీళ్లు తాగొద్దని మేమంటలేమమ్మా. మీకు గూడ కావాలె. మీ మీద వడ్డ వాన మీరు మోర్ల వోసుకుంట, మాది మాకు చెప్పకుంట తీస్కపోతే ఎట్ల?"

మాతోపాటే భోంచేస్తున్న గ్రేస్ భర్త, వచ్చే ఆదివారం అపార్టుమెంటు వాళ్ల మీటింగులో ఆ టైల్స్ సంగతి ఎత్తుతానన్నాడు. ఎత్తాడో లేదో గ్రేస్ ఇంకా చెప్పలేదు.

రెండో రోజు పొద్దున ఆటో ఎక్కకుండా మాణికేశ్వర్ నగర్ మీదుగా నడిచి వెళ్లాం. క్యాంపస్ గోడకు ఇవతల ఇరుకు సందులు, గుమ్మాల ముందు వరుసగా నీలం డ్రమ్ములు. ఒకావిడ డ్రమ్ము మీద చెయ్యేసి కూర్చుని ఉంది. నీళ్లు ఎప్పుడొస్తాయని యాదమ్మ అడిగింది. "వచ్చినప్పుడే వచ్చినట్టు," అందామె. గోడకు అవతల, నడిస్తే పావుగంట దూరంలో, ప్రపంచంలోని నీటి ఎద్దడి మీద మాట్లాడుకుంటున్నారని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి నాకూ మొహం చెల్లలేదు.

మా వంతు మూడు నలభైకి. అప్పటికి హాల్లో మూడొంతుల కుర్చీలు ఖాళీ. ప్రతి కుర్చీ దగ్గరా సగం తాగి వదిలేసిన నీళ్ల సీసా. పది నిమిషాలు అయిదుకు తగ్గించామని చెప్పారు. నేను తయారుచేసుకున్న ప్రసంగం పక్కనపెట్టి, నిన్నటి మ్యాపు తెర మీద వేయమని అడిగాను.

"ఆ సార్ పెన్‌డ్రైవ్ తీసుకుని వెళ్లిపోయారు మేడం," అన్నాడు కంప్యూటరు దగ్గర కూర్చున్న అబ్బాయి.

సరేనని రిజిస్టరు తెరిచి తెలుగులోనే చదివాను. లచ్చయ్య బావి, ఆ ఏడాదిదే. అక్టోబరు, నాలుగు దారాలు. జనవరి, తొమ్మిది. మార్చి, పద్నాలుగు. ఏప్రిల్లో తాడు చాలక ఇంకో తాడు ముడివేశాం. మే నెల గడిలో అంకె లేదు. "రాయికి బురద అంటింది" అని స్వప్న రాసింది. మిగతా బావుల్లో చాలావాటికి మే నెలలో ఇదే మాట ఉంది.

"నిన్న ఇదే హాల్లో ఈ బావుల్లో మిగులు ఉందని చెప్పారు," అన్నాను.

ఆ రోజూ అధ్యక్షులు నిన్నటి ప్రొఫెసరు గారే, ఆయన మైకు దగ్గరికి వంగారు. "మేడం, ఆ పేపరు మీద చర్చ నిన్ననే ముగిసింది."

"నిన్న చర్చ జరగలేదు సార్. టీ ఇచ్చారు."

వెనకెక్కడో ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు. సదస్సు నిర్మాణాత్మకంగా సాగాలని, ఎవరినీ నొప్పించకూడదని చెప్పారు. నొప్పి ఎవరికో నేను అడగబోతుండగా యాదమ్మ లేచి నా పక్కకు వచ్చింది. మైకు అందుకోలేదు, ఆమెకు అవసరమూ లేదు.

"సారూ, నేను బూరుగుకుంటల నీళ్లు ఇడుస్త. ఎండకాలం ట్యాంకు సగం గూడ నిండది. ఒక్కొక్క వాడకు పది నిమిషాలు ఇడుస్త. పదకొండో నిమిషం ఇడిస్తే అవుతలి వాడకు ఉండయి. బిందె సగమే నిండినోళ్లు నన్ను తిడ్తరు. నేను వడ్త. ఎందుకంటే నీళ్లు లేవని నాకెరుక, ఆళ్లకెరుక. మిగిలినయని చెప్పిన సారు ఒక్క ఎండకాలం నా తాన నిలవడి వాల్వు తిప్పమనుర్రి."

అయిదు నిమిషాలు ఎప్పుడో దాటినా ఎవరూ గంట కొట్టలేదు. నేను ఒక్కటే అడిగాను. నిన్న చూపించినవి ఒక్క అక్టోబరు అంకెలేనని, వాటిని ఇలా వాడుకోవడానికి మా బడి గానీ ఊరు గానీ ఒప్పుకోలేదని సదస్సు నివేదికలో రాయాలి. "నోట్ చేస్తారు," అని అధ్యక్షుల వారు తర్వాతి పేరు పిలిచారు.

నివేదిక రాసే అమ్మాయి వేదిక పక్కన చిన్న బల్ల దగ్గర కూర్చుని ఉంది. రజిత అని కార్డు మీద పేరు. ఆమె పెన్ను కదల్లేదు. నేను చూశాను, యాదమ్మా చూసింది. నేను దిగి నా కుర్చీలోకి వచ్చాను గానీ యాదమ్మ రాలేదు. ఆ బల్ల దగ్గరికి వెళ్లి నిలబడింది.

"రాయి బిడ్డా."

"తర్వాత రాస్తానమ్మా, మీరు కూర్చోండి."

"నాకు తొందరేం లేదు. నువ్వు రాసేదాంక గీడ్నే ఉంట."

వేదిక మీద ఇంకెవరో మొదలుపెట్టారు. సదస్సు వాలంటీరు ఒకతను వచ్చి యాదమ్మ మోచెయ్యి పట్టుకోబోతే రజితే వద్దని తల ఊపింది. ఇంకాసేపు చూసి, కాగితం దగ్గరికి లాక్కుని రాయడం మొదలుపెట్టింది. రాశాక తలెత్తి, గొంతు తగ్గించి తెలుగులో చదివి వినిపించింది. యాదమ్మ మధ్యలో ఆపి, "బోర్లు నాలుగు ఏసిండ్రని గూడ రాయి," అంది. అదీ రాసింది. ఆ తర్వాత రజిత నా కుర్చీ దగ్గరికి వచ్చి, "మాది నల్లగొండ మేడం. నిన్నే అడగాల్సింది. నేను గూడ అడగలే," అంది. అధ్యక్షుల వారి సంతకం కూడా తనే వెళ్లి చేయించుకొచ్చింది. ఆయన చదివి, అద్దాలు తీసి తుడుచుకుని, సంతకం చేశారట.

అయిదు గంటలకు గేటు బయట జిరాక్సు దుకాణంలో ఆ కాగితం పది కాపీలు తీయించాం. గ్రేస్ ఇంట్లో సంచులు తీసుకుని, మెట్రోలో సికింద్రాబాదు చేరి, ఆరున్నర ప్యాసింజరు అందుకున్నాం. పెట్టె కిక్కిరిసి ఉంది. మౌలాలి దాటాక ఇద్దరికీ సీటు దొరికింది.

అక్కడి నుంచే సర్పంచుకు ఫోను చేశాను. షెడ్డు సంగతి, త్రిభుజం సంగతి చెప్పాను.

"మేడం," అన్నాడతను, "గా సంగతి నాకు ఎరుకే. ఊరికి రోడ్డు ఏపిస్తమన్నరు. మీరు ఇప్పుడే ఎవలికి చెప్పకుర్రి."

ఫోను పెట్టేశాక ఆ మాట యాదమ్మకు చెప్పాను. ఈమె నౌకరీ అతని చేతుల్లో ఉంది. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, "రేపు పొద్దుగాల నీళ్ల కాడ ఆడోళ్లందరు ఉంటరు. గాడ్నే చెప్త. తీసేస్తే తీసెయ్యనీ," అంది.

ఎదురుగా ఖాళీ కూరగాయల గంపలతో కూర్చున్న ఒకావిడ మా మాటలు మొదట్నుంచీ వింటోంది. బీబీనగర్ అవతల ఆమె ఊరు. "మా దిక్కు ఆర్నెల్ల సంది ట్యాంకర్లు నడుస్తనే ఉన్నయి," అంది. "మా బాయిల నీళ్లు దిగినయి. ఎవల్ని అడగాల్నో తెల్వలే. గా కాయితం నాకొకటి ఇయ్యరాదు?"

ఇచ్చాను. తనకు చదువు రాదని, కోడలితో చదివిస్తానని చెప్పి మడిచి జాకెట్లో పెట్టుకుంది. యాదమ్మ ఆమె ఫోను నంబరు నా చేత రాయించింది. పక్క బెంచీ మీది వాళ్లు ఇంకో రెండు తీసుకున్నారు.

సుస్థిర నిర్వహణ అన్న మాట ఆ రెండు రోజుల్లో ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. ఆ మాట మీద నాకు పేచీ లేదు. నీళ్లు పొదుపుగా వాడాలి, పడిన చోటే ఇంకించాలి, నగరానికీ ఊరికీ పంచాలి. కానీ పంచుకోవడమంటే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవడం. తెర మీద ఒకరు గీత గీసి, రెండోవాళ్లకు టీ ఇచ్చి పంపడం పంపకం కాదు, దోపిడీ. ఇది చదివేవాళ్లలో ఎవరికైనా ఇలాంటి సదస్సుకు పిలుపొస్తే తప్పకుండా వెళ్లండి, రవాణా తేలిక, భోజనం బాగుంటుంది. మీ ఊరి ఎండాకాలం లెక్క వెంట తీసుకెళ్లండి. రాసేవాళ్ల పక్కన నిలబడి రాయించండి. మీ ఊరికొచ్చి ఎవరైనా ఫొటోలు తీసుకుంటామంటే ఎందుకని అడగండి. నేను అడగలేదు.

బీబీనగర్‌లో ఆ కూరగాయలావిడ గంపలు దింపుకుని మళ్లీ కిటికీ దగ్గరికి వచ్చింది.

"మేడం, గీ కాయితం జూపిస్తే ట్యాంకర్లు ఆపుతరా?"

అబద్ధం చెప్పలేకపోయాను. "ఆపకపోవచ్చమ్మా. మాకు తెలియదని మాత్రం ఇక ఎవరూ అనలేరు."

ఆమె కొంచెం ఆలోచించింది. "అయితే నేను ఒక్కదాన్నే పోను. ఇంకో పదిమందిని తీస్కపోత," అని గంపలు చంకనేసుకుని చీకట్లో ప్లాట్‌ఫారం మీద నడిచి వెళ్లింది. రైలు కదిలింది.